కార్డు లేని మొహాలు

కమ్లి చచ్చిపోయింది కిషన్‌లాల్ బీడీ కార్ఖానా ముందు, బీడీలు అప్పజెప్పే వరసలో. పొద్దున తొమ్మిదింటికి, చేతిలో బీడీల చాటతో, నెత్తురు కక్కి పడిపోయింది. బీడీ కార్మికుల దవాఖానకు కాయితం రాసిమ్మంటే గుమాస్తా కిటికీలోంచి తల కూడా బయట పెట్టలేదు.

"గామె పేరు మా దగ్గర లేదు. ఎవలో ఏమో."

పన్నెండేళ్లు చుట్టింది. కానీ ముసలి భూమవ్వ పేరిట ఉన్న కార్మిక కార్డు మీద చుట్టింది. మా గల్లీలో చాలామంది బతుకు ఇంతే. కార్డు ఒకరిది, చేతులు ఇంకొకరివి. కార్డు లేనిదానికి దవాఖాన లేదు, పింఛను లేదు. కమ్లి పోయిన ఆ ఏడు, 2003లో, మా బీడీ కార్మికుల సంఘం అడిగింది ఒక్కటే. చుట్టే ప్రతి మనిషికీ కార్డు ఇవ్వాలి.

చిట్టి మా గల్లీ పిల్లే, డిగ్రీ చదువుతోంది. ఇంకో ఐదుగురు ఆడపిల్లల్ని కూడగట్టి, కార్ఖానాకు ఎదురుగా ఉన్న సంఘం గోడ మీద బొమ్మలు వేసింది. కార్డు లేకుండా చుట్టే ముప్పై మంది మొహాలు, నడుమ కమ్లి. లేబర్ ఆఫీసరు వస్తే చూపించాలని. ముక్కుపుల్ల, కాలిన మచ్చ, ఏదీ వదల్లేదు.

"నా ముందటి పన్ను ఎందుకేసినవే? గది ఊడి ఏడాదాయె" అని ఒకామె దెబ్బలాడింది. అందరం నవ్వాం.

అట్లా అచ్చు గుద్దినట్టు వేయడమే మా తప్పు.

కిషన్‌లాల్ స్టూడియోవాణ్ణి తెచ్చి గోడంతా ఫొటో తీయించాడు. భయపడ్డాడనుకున్నాం. కొందరు కొంగు సర్దుకుని తమ బొమ్మ పక్కన నిలబడ్డారు కూడా. తెల్లారి ఆ ఫొటో కార్ఖానా కిటికీకి అంటించి ఉంది. అందులో ఉన్నవాళ్లకు చుట్టడానికి ఆకు లేదు, తంబాకు లేదు. ఎవరి మొహం వాళ్లు సున్నంతో తుడుచుకుంటేనే పని.

నాలుగు రోజులు ఆగాం. ఐదో రోజు మీటింగులో పొట్లాట.

"నీకేంది చిట్టీ, సదువుకునే పోరివి. నా పొయ్యి చూసినవా?"

"తుడిస్తే ఇగ కార్డు మాటే ఉండదక్కా."

"కార్డు ఉడకబెట్టి పెట్టన్నా పిల్లలకు?"

మీటింగు అక్కడితోనే లేచిపోయింది.

ముప్పై మందీ తుడుచుకున్నారు. "ముక్కుపుల్ల కాడ సున్నం ఆగుతలేదే" అంది ఒకామె. ఈసారి ఎవరూ నవ్వలేదు. కమ్లి ఒక్కతే మిగిలింది. కిషన్‌లాల్ బకెట్ తెచ్చి భూమవ్వ ముందు పెట్టాడు.

"నీ కార్డే గదా అవ్వా. దాని మొహం నువ్వే తుడువు. నీ పింఛను నీకుంటది."

భూమవ్వ కుంచె సున్నంలో ముంచింది. తర్వాత దాన్ని బకెట్లోనే వదిలేసింది.

"నా కార్డు మీద కమ్లి చుట్టింది సేటూ. పన్నెండేండ్లు. గీ మాట ఎవలు అడిగినా చెప్త."

ఆ మాటతో ఆమె కార్డు పోయింది. కిషన్‌లాల్ మనుషులు గోడ మీదికొస్తే చిట్టి అడ్డం నిలబడింది. పోలీసులొచ్చి భూమవ్వనూ చిట్టినీ జీపెక్కించారు. కమ్లి మొహం మీద కూడా సున్నం పడింది.

సాయంత్రం ఆ ముప్పై మందీ స్టేషన్ ముందు కూర్చున్నారు. ఎవరూ పిలవలేదు. అందరి మీదా కేసు పెడతానన్నాడు ఎస్సై. పేర్లు చెప్పమన్నాడు.

మేం గెలవలేదు. కార్డులు రాలేదు, స్టేషన్ ముందు కూర్చున్నందుకు ఆకూ మళ్లీ బందైంది. కార్ఖానా రాసుకోని పేర్లు ఆ రోజు పోలీసులు రాసుకున్నారు, ముద్దాయిల కింద.

మొదటామె పేరు చెప్పి కదల్లేదు.

"ఏం రాసినవో సదువు సారూ. తప్పు పోవద్దు."

ఎస్సై చదివాడు. ఆమె కూర్చుంది. పక్కనామె లేచి నిలబడింది.