మా ఆయన ఈల

ఆయన తెల్ల ప్యాంటు నేను ఇస్త్రీ చేస్తుంటే వెనక నుంచి ఈల వినబడింది. తిరిగి చూస్తే, "మడత వంకరపోయింది," అన్నారు. మా ఆయన వాటర్ పోలో రిఫరీ, అంటే నీళ్ళలో ఈదుతూ ఆడే బంతాటలో తప్పులు పట్టే మనిషి. వారమంతా బీమా ఆఫీసులో తల వంచుకుని, ఆదివారం మాత్రం తెల్లబట్టల్లో కొలను గట్టు మీద తలెత్తుకుని తిరుగుతారు. ఈల మాత్రం ఇంట్లో కూడా మెడలోనే ఉంటుంది. కూరలో ఉప్పెక్కువైతే చిన్న తప్పు, సాక్సు ఒంటరిగా దొరికితే పెద్ద తప్పు. ఆటలో పెద్ద తప్పు చేసినవాళ్ళు కొలను మూలకెళ్ళి కాసేపు ఊరికే ఉండాలట. నన్నెవరైనా అలా పంపిస్తే పరుగెత్తుకుంటూ పోయేదాన్ని.

చిన్నప్పుడు నన్ను నీళ్ళలోంచి బయటికి రప్పించడానికి అమ్మ బెత్తం పట్టుకోవలసి వచ్చేది. అందుకే కొలను దగ్గర టికెట్లిచ్చే ఆవిడ ఆడవాళ్ళ జట్టు కడుతున్నానంటే, ఇంట్లో అడక్కుండానే వస్తానన్నాను.

"అదేమన్నా స్నానమనుకున్నావా? అడుగున కాలు ఆనకూడదు. ఆటయ్యేదాకా కాళ్ళాడిస్తూనే ఉండాలి," అన్నారాయన.

అత్తయ్య చిక్కుళ్ళు ఒలుస్తూ, "ఇంట్లో దాని కాలు ఎప్పుడు నిలిచింది గనకరా?" అంది.

"సరే, వెళ్ళు. కానీ ఒక్క తప్పు పట్టానంటే ఆ రోజుతో మానెయ్యాలి." ఒప్పుకున్నాను. ఆశ అలాంటిది.

మొదటి ఆటకి నన్ను గోల్ ముందు పెట్టారు. చెవులకి ప్లాస్టిక్ కప్పులున్న ఎర్ర టోపీ ఇచ్చారు. మావాళ్ళవి తెల్లవి, అవతలివాళ్ళవి నీలం, ఎర్రది గోల్‌కీపర్ ఒక్కదానికే. నీళ్ళ కింద ఒకటే తన్నులాట, బట్టలు పట్టి లాగడం. పైన మాత్రం చుట్టాలింటికొచ్చినట్టు మొహాలు. నాకు మా ఆడపడుచులంతా కలిసే రోజు గుర్తొచ్చింది.

అవతలి జట్టులో బస్సు నడిపే ఆవిడ ఉంది, చెయ్యి ఇనుము. బంతి విసిరింది. నడుం దాకా నీళ్ళలోంచి పైకి లేచి, రెండు చేతులతో ఒడిసి పట్టేశాను! ఎన్నాళ్ళయింది నా ఒళ్ళు నాకంత నచ్చి.

ఈల మోగింది. మా ఆయన వేలు నావైపే. "రెండు చేతులు! తప్పు!"

ఒంటిచేత్తోనే పట్టాలన్నది మిగతా ఆరుగురికి. గోల్ ముందున్న గోల్‌కీపర్ రెండు చేతులూ వాడొచ్చు. ఆ సంగతి ఆయనే ఊరంతటికీ నేర్పారు. ఎర్ర టోపీ కింద ఆ క్షణాన ఆయనకి గోల్‌కీపర్ కనబడలేదు, పెళ్ళాం కనబడింది. ఒక్క తప్పన్నారు కదా, అయిపోయింది. 'పొరపాటైందండీ' అన్నమాట అలవాటుగా నాలిక చివరిదాకా వచ్చేసింది కూడా. కానీ బంతి ఇంకా నా చేతుల్లోనే ఉంది.

"నేను గోల్‌కీపర్నండీ! రెండు చేతులూ వాడొచ్చు!"

గోడలు అదిరాయి. ఆట చూడ్డానికొచ్చి బల్ల మీద కూర్చున్న అత్తయ్య అందరికంటే ముందు నవ్వింది. "అవును సార్, ఆవిడ గోల్‌కీపరే," అంది బస్సు నడిపే ఆవిడ. మా ఆయన చెవులు నా టోపీ రంగుకొచ్చాయి. ఆట సాగించమని చెయ్యూపారు.

ఇంటికి నడుస్తూ, "అందరి ముందూ మొగుడి మీద అరుస్తావా? మెల్లిగా చెబితే సరిపోయేదిగా," అన్నారు.

"మీరు గట్టు మీదున్నారు, నేను నీళ్ళలో ఉన్నాను. అరవకపోతే మీకు వినబడదండీ."

ఇంటికొచ్చాక కూడా గొంతు తగ్గించలేదు.