గొట్టంలో ఒత్తిడి

హేమావతిది పామిడి దగ్గర పల్లె. తండ్రి బాలప్ప, వాన పడిన ఏడు వేరుశనగ పండిస్తాడు. ఆమె అనంతపురంలో ఎమ్మెస్సీ చేసి, అక్కడే ప్రొఫెసర్ రాజేంద్ర దగ్గర పరిశోధనలో చేరింది. జింకు, జర్మేనియం, ఫాస్ఫరస్ కలిపి సెమీకండక్టర్ స్ఫటికం చేయడం వాళ్ళ పని. మూడింటినీ క్వార్ట్జ్ గొట్టంలో వేసి, గాలి తీసేసి, మూతిని మంటలో కరిగించి మూసి, కొలిమిలో వెయ్యి డిగ్రీలు దాటేదాకా వేడిచేయాలి. లోపల ఫాస్ఫరస్ ఆవిరి ఒత్తిడి ఎంత పెరుగుతుందో తెలియకపోతే గొట్టం పేలిపోతుంది.

"ముందు ఫాస్ఫరస్ కొంచెం కొంచెం వేసి ఒత్తిడి కొలుస్తా సార్," అంది హేమావతి.

"కొలుస్తా కూర్చుంటే ఎండాకాలం దాటిపోతాది. జింకు బదులు కాడ్మియం ఉండేదాని లెక్కలు ఉండాయి కదా. వాటిని బట్టి అంచనా కట్టు. ఎండాకాలంలోనే జరిగే సదస్సులో స్ఫటికం చూపించల్ల."

"రెండూ ఒక తీరుగా ఉండవు సార్. జింకుది ఇంకా ఎక్కువ వేడికి కరుగుతాది."

"చెప్పింది చెయ్యమ్మా."

చేసింది. అంచనా ప్రకారం గొట్టం తట్టుకోవాలి.

కొలిమి తొమ్మిది వందల ఎనభై చూపిస్తుండగా లోపల టిక్కుమంది. ఆపేద్దామని హేమావతి స్విచ్చు మీదికి వంగింది. అంతలోనే గొట్టం పేలి, గాజు ముక్క ఎడమ కంట్లో దిగింది. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న రాజేంద్రకు ఏమీ కాలేదు.

ఆసుపత్రిలో ఆ కన్ను తీసేశారు. కట్టు విప్పకముందే రాజేంద్ర వచ్చి, మంచం పక్కన కూర్చుని, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎన్ని డిగ్రీల కాడ పేలింది, గుర్తుండాదా?"

"తొమ్మిది వందల ఎనభై సార్," అంది అలవాటుగా.

ఆయన ఫోన్‌లో రాసుకుని వెళ్ళిపోయాడు.

"కన్ను ఎట్లుండాదని అడగనే లేదే," అన్నాడు తలుపు దగ్గర నిలబడిన బాలప్ప.

"వస్తానే అడిగినాడు నాయనా. నువ్వు వినలేదు," అని అబద్ధమాడింది.

విచారణ కమిటీ ముందు రాజేంద్ర, ఆ అమ్మాయే ఫాస్ఫరస్ ఎక్కువ వేసిందని చెప్పాడు. కమిటీ ఒప్పుకుంది. కొన్ని నెలలకు ఆయన వ్యాసం అచ్చయింది. గొట్టం ఏ వేడికి పేలిందో, అది ఎంత ఒత్తిడి తట్టుకోగలదో తెలుసు గనక, ఆ వేడి దగ్గర ఆవిరి ఒత్తిడి ఇంత అని తేల్చాడు. ఫాస్ఫరస్ సరిగ్గా తూచి వేశామని అందులో స్పష్టంగా ఉంది. హేమావతికి చివర కృతజ్ఞతలు మాత్రమే.

ఆమె నేరుగా ఆయన గదికి వెళ్ళింది.

"కమిటీకి ఎక్కువ వేసిందంటిరి. ఈడ సరిగ్గా తూచినామని రాస్తిరి. ఏది నిజం సార్?"

"నీ థీసిస్ మీద సంతకం పెట్టేది నేను. అది గుర్తు పెట్టుకో."

కమిటీ పెద్ద దగ్గరికి పోతే, ఫైలు మూసేశామన్నాడు.

హేమావతి ల్యాబ్‌కు తిరిగి వచ్చింది. ఒంటి కన్నుతో మంట ఎంత దూరంలో ఉందో అందక, గొట్టాలు మూసేటప్పుడు వేళ్ళు కాలేవి. అయినా కొంచెం కొంచెంగా వేసి మరుసటి ఎండాకాలమంతా కొలిచింది. అసలు ఒత్తిడి, కాడ్మియం లెక్కలతో కట్టిన అంచనాకు దాదాపు రెట్టింపు. ఆ ఫలితాన్ని ఒక్క తన పేరుతోనే పంపింది. అచ్చయింది. రాజేంద్ర థీసిస్ మీద సంతకం పెట్టలేదు. వేరే ఏ ప్రొఫెసరూ ఆమెను తీసుకోలేదు.

ఇప్పుడు మడకశిరలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతోంది. రాజేంద్ర కొత్త వ్యాసాల్లో తన లెక్క వదిలి, ఆమె కొలిచిన విలువనే వాడుకుంటున్నాడు. ఆ సంగతి బాలప్పకు ఆమె చెప్పలేదు.