కల్లుగడ మీద కెంతి గూడు

ఉరుబాంబా లోయలో దేవుడు పెట్టిన ఆజ్ఞలు పదైతే, కల్లు పెట్టిన ఆజ్ఞ ఒక్కటే. గుమ్మం పక్కన గడ నిలబెట్టి, దాని కొసకి ఎర్రగుడ్డ కట్టారంటే ఆ ఇంట్లో మొక్కజొన్న కల్లు పులిసి సిద్ధంగా ఉన్నట్టు. ఇక ఎవడైనా తలుపు తోసుకుని పోవచ్చు. దొంగైనా, పాదిరీ అయినా, పోయినేడు తిట్టుకున్న తోడల్లుడైనా సరే. గుడ్డ లేకపోతే సొంత తమ్ముడు కూడా ఆ తలుపు ముందు ఆగడు. ఆగితే తప్పని కాదు, ఆగడానికి పనేముందని.

సెబస్తా ఇల్లు వీధి చివర. గడ ఆవిడ పెరటి గోడ మీంచి రోడ్డు మీదికి వంగి ఉండేది. ఆవిడ కల్లు సంగతి చెబితే నమ్మరు గానీ, ఒకసారి దాని నురగ నాకిన గాడిద ఎదురుగా ఉన్న మంచుకొండ ఎక్కి, దిగి, పైన ఏదో మరిచిపోయినట్టు మళ్ళీ ఎక్కింది. గాడిద సంగతే అదైతే మనుషుల మాట చెప్పాలా? గుడ్డ కట్టిన రోజున పెరడంతా టోపీలే. ఒక మూల నోరు తెరుచుకున్న ఇత్తడి కప్ప, దాని నోట్లోకి బిళ్ళలు విసిరే పందెం. ఇంకో మూల తాతల నాటి గట్టు తగాదాలు. జాడీ అడుగు కనబడగానే సెబస్తా గడ దించేది, పెరడు ఖాళీ అయ్యేది. మళ్ళీ మొక్కజొన్న మొలకెత్తి, ఉడికి, పులిసేదాకా ఆ ఇంట్లో ఈగ తుమ్మినా వినబడేది.

మొగుడు నది పాలై చాలా ఏళ్ళయింది. పిల్లల్లేరు. ఆవిడ పుట్టింది పైన, లామా మందలు మేసే చలికొండల్లో. ఈ ఊరి కోడలై తల నెరిసినా, "కాసేపు కూచుని పోండి" అని ఒక మనిషిని పిలవడం ఆవిడకి పట్టుబడలేదు. ఆ పిలుపేదో గుడ్డే పిలిచేది.

ఆ ఏడు వానలు ముదిరాక, ఉన్న మొక్కజొన్నంతా ఊడ్చి కాచిన కల్లు కూడా అయిపోయింది. సెబస్తా గోడ కింది రాయెక్కి గడ మీద చెయ్యి వేయబోయి అక్కడే ఆపేసింది. గుడ్డ ముడి కింద, గడని కరుచుకుని, సగం కోడిగుడ్డు పెంకంత గూడు. అందులో కెంతి పిట్ట.

బొటనవేలంత ఆకుపచ్చ పిట్ట, పువ్వు ముందు గాల్లోనే నిలబడి తేనె తాగే రకం. పెరట్లో తిరగడం ఆవిడ చూస్తూనే ఉంది. వంటింటి మూలల్లో సాలెగూళ్ళు మాయమవుతుంటే సాలీళ్ళు వలస పోయాయనుకుంది. కదురు మీది ఉన్ని తరుగుతుంటే ఎలుకల్ని తిట్టింది. పోయిందంతా ఇక్కడుంది. సాలెదారంతో గడకీ గుడ్డ ముడికీ కలిపి బిగించి, లోపల ఉన్ని పరిచి, పైన గోడ నాచు అంటించి కట్టుకుంది. మగపిట్ట జాడ లేదు. ఈ జాతి మగాడు మెడలోని రంగులు చూపించి చక్కాపోతాడు. ఇల్లు కట్టడం, పొదగడం, మేపడం అంతా ఆడదానిదే.

పిట్ట ఆవిడ వంక చూసింది గానీ లేవలేదు. సెబస్తా మెల్లగా రాయి దిగింది. గుడ్డ అట్లాగే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే కంచరగాడిదలు తోలే తిబుర్సియో తలుపు తోసుకుని వచ్చి, కల్లు లేదంటే నోరు తెరిచాడు.

"అదేంటత్తా? చర్చి గంట కొట్టి పాదిరీ ఊళ్ళో లేడన్నట్టుంది."

"దించడం మర్చిపోయా."

"మరి దించు."

"దించుతాలే."

గూడుందని చెప్పేస్తే పోయేది. కానీ సంతలో ఎండిన కెంతి పిట్టని వలపు మందుగా అమ్ముతారు. మనసిచ్చిన పిల్ల మొహం తిప్పుకున్న కుర్రాళ్ళు ఆ వీధిలో ఇంటికొకడున్నాడు. తిబుర్సియో చెవిన పడ్డ మాట పొద్దుగూకేలోగా నాలుగూళ్ళు తిరిగి, మధ్యలో పెళ్ళి కూడా చేసుకుని వస్తుంది. సెబస్తా నోరు కుట్టేసుకుంది.

వచ్చినవాళ్ళకి కొండ పుదీనా కాచి ఇచ్చింది. పెద్దావిడ ఇచ్చిందని తాగారు. పచ్చాకు నీళ్ళకి రెండోసారి ఎవడొస్తాడు? అబద్ధపు గుడ్డ కట్టడమంటే ఆ లోయలో దొంగ తూకం కంటే పెద్ద తప్పు. ఒకసారి ఆ పేరు పడితే తర్వాత అమృతం కాచినా తలుపు తోసే దిక్కుండదు. అది సెబస్తాకి తెలుసు. రోజూ గడ కిందికి వచ్చి నిలబడేది. పైన చిక్కుడుగింజల్లాంటి రెండు గుడ్ల మీద పిట్ట కూర్చుని ఉండేది. ఆవిడ లోపలికి పోయేది.

ఎదురింటి ఫిలోమెనా కూడా కల్లు కాచేదే. బంధువు కాకపోయినా వరసకి వదిన అనేది. సెబస్తా గుడ్డ కట్టింది మనుషుల కోసం కాదు, ఈగల కోసమని కుళాయి దగ్గర చెప్పి అందర్నీ నవ్వించింది. కొన్నాళ్ళకి ఆ నవ్వు కూడా ఆగిపోయింది. వీధిలో పోయేవాళ్ళు ఆ గుడ్డని చూడడం మానేశారు.

గుడ్లు పగిలి పిట్టపిల్లలు బయటికొచ్చాక ఒక మధ్యాహ్నం వడగళ్ళు పడ్డాయి. చిన్నవి కావు. ఒక్కో వడగల్లు మీద కాపరి కూర్చుని చుట్ట కాల్చుకోవచ్చు. సెబస్తా గోడెక్కి, తన టోపీ తీసి గుడ్డ మీద పట్టుకుని, వట్టి తలతో నిలబడింది. తల్లిపిట్ట ఆ టోపీ కింద రెక్కలు పరిచి పడుకుంది. అదే సమయానికి గాడిదల్ని అదిలించుకుంటూ తిబుర్సియో అటు వచ్చి, ఏం చేస్తున్నావని అరిచాడు.

"గుడ్డ తడుస్తోందిరా," అంది సెబస్తా.

తిబుర్సియో గాడిదల్ని రోడ్డు మీదే వదిలేశాడు. వెళ్ళి ఫిలోమెనాకి ఉన్నదున్నట్టు చెప్పాడు. అతను ఏమీ కలపకుండా చెప్పిన కథ అదొక్కటే, ఊరంతా నమ్మిందీ అదొక్కటే. ఆ రోజు నుంచి ఆడవాళ్ళు ఆ ఇల్లు దాటేటప్పుడు పిల్లల చెయ్యి పట్టుకుని నడిచారు.

గూట్లో పిల్లలు పెరిగాయి. వాటితో పాటు గూడూ సాగింది, మేజోడు సాగినట్టు. ఒక పొద్దున సెబస్తా చూసేసరికి గూడు ఖాళీ. తల్లి ఒకసారి వచ్చి, అంచు మీద గాల్లో నిలబడి, లోపలికి చూసి పోయింది. మళ్ళీ రాలేదు. గడ దించెయ్యొచ్చు. కానీ దించబుద్ధి కాలేదు.

కొత్త మొక్కజొన్న వచ్చింది. సెబస్తా ఎన్నడూ కాయనంత బాగా కాచింది. జాడీ దానంతట అదే పాడిందంటారు, నేను వినలేదు. గడకి గుడ్డ ఉండనే ఉంది. తలుపు బార్లా తీసి, గిన్నెలు కడిగి బోర్లించి కూర్చుంది.

ఎవరూ రాలేదు.

మొదటి చుక్క నేలతల్లికి పోసింది. రెండో గిన్నె తనే తాగింది. ఊరుకోలేక లేచి కప్ప వైపు బిళ్ళ విసిరింది. సరిగ్గా నోట్లో పడింది. ఆ పెరట్లో ఎంత మొనగాడికీ ఏడాదికోసారి పడని దెబ్బ. సెబస్తా వెనక్కి తిరిగి చూసింది. గిన్నెలు బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి.

కల్లు పుల్లబడడం మొదలైంది. పందులకి పోసెయ్యాలనుకుంది. ముందు రాయెక్కి గడ ఊడదీసి, లోపల గోడకి ఆనించి, తలుపు మూసి పడుకుంది.

తెల్లారి తలుపు చప్పుడైంది. తీస్తే ఫిలోమెనా, నల్ల శాలువా కప్పుకుని, చేతిలో రెండు కొవ్వొత్తులతో. వెనక టోపీ చంకలో పెట్టుకుని తిబుర్సియో. వాళ్ళ వెనక ఇంకో నలుగురు.

ఫిలోమెనా గుడ్లప్పగించింది. "బతికే ఉన్నావా వదినా?"

"ఉన్నట్టే ఉన్నా."

"గుడ్డ కనబళ్ళేదు. ఇన్నాళ్ళూ వానొచ్చినా దించని దానివి... పోయావనుకున్నాం."

సెబస్తా కొవ్వొత్తుల వంక చూసింది. "మంచివే తెచ్చావు," అంది. "లోపలికి రండి. కల్లుంది, కాస్త పుల్లగా."

చచ్చిందని వచ్చినవాళ్ళు బతికుందని వెళ్ళిపోతే మర్యాద కాదు. కూర్చున్నారు, తాగారు. పుల్లగా ఉందని ఒకరూ అనలేదు. అప్పుడు సెబస్తా గడ తెచ్చి, జరిగింది చెప్పి, గూడు ఊడదీసి చూపించింది. సాగిపోయిన ఆ గూడు చేతులు మారింది. తిబుర్సియో చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. తను చెప్పే అబద్ధాల్లో కూడా ఇంత చిన్న ఇల్లు లేదన్నాడు. ఫిలోమెనా గూట్లో వేలు పెట్టి ఉన్ని మెత్తగా తడిమింది.

ఎండెక్కాక లేచారు. అందరూ దాటాక ఫిలోమెనా గుమ్మంలో ఆగింది.

"ఇకమీదట నీ గుడ్డ నిజమో పిట్టదో మాకెట్లా తెలుస్తుంది?"

సెబస్తా గుమ్మం దాకా వచ్చింది. ఇన్నేళ్ళూ రాని మాట అది, వచ్చేటప్పుడు ఎముక అడ్డం పడ్డట్టు వచ్చింది.

"గుడ్డ లేనప్పుడు కూడా రా."

ఫిలోమెనా శాలువా సర్దుకుంది. రోడ్డు దాటి తన ఇంట్లోకి వెళ్ళింది.

ఆ మర్నాడు గడకి గుడ్డ లేదు, జాడీలో కల్లు లేదు. సెబస్తా రెండు గిన్నెల పుదీనా కాచి పెట్టి, తలుపు దగ్గరగా వేసింది. గడియ మాత్రం పెట్టలేదు.