నైరుతి తలుపు మీద కాగితం

పార్థసారథి గారు ఫోనులో దిక్సూచి తెరిచి, మంచం చుట్టూ అటోసారి ఇటోసారి తిరిగి, చివరికి బాల్కనీ తలుపు ముందు ఆగిపోయినప్పుడే ఆ తలుపుకు మూడిందని ఎల్లేశానికి అర్థమైంది.

"ఇదేనండి," అన్నాడాయన, దొంగను పట్టుకున్నంత తృప్తిగా. "సరిగ్గా నైరుతి. ఇక్కడ తలుపు పెట్టుకుని ఉద్యోగం నిలవట్లేదంటే ఎలా నిలుస్తుందండి?"

ఆయనది కాకినాడ వైపు. సర్కారు ఇంజనీరుగా రిటైరై, మణికొండలో ఫ్లాటు కొనుక్కుని వాస్తు చెప్తున్నాడు. నౌకరీలో ఉన్నన్నాళ్ళు రోడ్లు వేయించినవాడు ఇప్పుడు జనం ఇళ్ళలో తలుపులు మూయిస్తున్నాడన్నమాట. పిలిపించింది ఎల్లేశం భార్య సక్కుబాయి. కొడుకు శివశంకర్ ఉద్యోగం ఊడి ఇంట్లో కూర్చున్నాక దసరా వెళ్ళింది, ఉగాదీ వెళ్ళింది. రాయదుర్గం అద్దాల మేడలో మెడలో కార్డు వేసుకుని తిరిగిన పిల్లవాడు, పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీతో లాప్‌టాప్ ముందు కూర్చుని ఇంటర్వ్యూలు ఇస్తున్నాడు. ప్రతి ఒక్కటీ చివరిదాకా వచ్చి జారిపోతోంది.

"నైరుతిలో బరువుండాలండి. గోడ ఉండాలి. ఇలా తెరిచి ఉంటే వచ్చింది వచ్చినట్టే పోతుంది."

"బరువే గావాల్నంటే నేను లేనా సార్?" అన్నాడు ఎల్లేశం మంచం మీంచి. "ఈ ఇంటికి నాకంటె బరువేమున్నది?"

సక్కుబాయి గుడ్లురిమింది. "పెద్దమనిషి చెప్తుంటె నీ పరాచికాలేందయ్యా?"

ఇటుకలతో మూసేయడమే ఉత్తమం అన్నాడు పార్థసారథి గారు. కోడలు వర్షితకు అది కుదరదు. ఆమె వారంలో సగం రోజులు ఇంట్లోంచే పనిచేస్తుంది, ఇప్పుడు ఇల్లు నడిచేది ఆ ఒక్క ఉద్యోగం మీదే.

"దుమ్ము లేస్తది అంకుల్. నాకు పొద్దంత కాల్స్ ఉంటయి. బయట రూపు మారిస్తే అసోసియేషనోళ్ళు గూడ ఊకోరు."

"అయితే లోపలివైపు చెక్క కొట్టించి, గోడ మొత్తానికి వాల్‌పేపర్ వేయించేయండమ్మా. తలుపన్నది కంటికి కనబడకపోతే చాలు."

అప్పుడు శివశంకర్ తండ్రి వైపు తిరిగాడు. "రూము నీది నాయినా. నువ్వు వద్దంటె వద్దు. గంతే."

ఆ మాటతో ఎల్లేశం కాళ్ళూ చేతులూ కట్టేసినట్టయింది. వాడు దబాయించి ఉంటే తనూ దబాయించేవాడు. నోటికి తక్కువవాడేం కాదు. ఇలా మెత్తగా అడిగితే ఏం చేస్తాడు? కాదన్నాక ఉద్యోగం రాకపోతే, ఎల్లేశం తలుపు వల్లనే రాలేదని ఇంట్లో ఎవరూ పైకి అనరు. అనకుండానే అన్నం వడ్డిస్తారు. ఆ అన్నం గొంతు దిగుతుందా?

"మూయుండ్రి," అన్నాడు. "నాదేమున్నది."

అతనికి ఉన్నదంతా ఆ తలుపు అవతలే ఉంది. ఆరో తరగతిలో బడి మానేసి, లారీ మీద క్లీనరుగా చేరి, స్టీరింగు పట్టి, చివరికి సొంతంగా నీళ్ళ టాంకరు కొనుక్కున్న మనిషి. ఈ చుట్టుపక్కల లేచిన మేడలన్నిటికీ నీళ్ళు పోశాడు. ఒకనాడు వెనక నిలబడి టాంకరును వెనక్కి తీయిస్తుంటే, స్టీరింగు మీదున్నవాడు బ్రేకు తొక్కాల్సింది ఇంకోటి తొక్కాడు. బంపరుకీ ప్రహరీకీ మధ్య కాలు నలిగింది. దవాఖానలో రాడ్లు వేసి నిలబెట్టారు గానీ, మెట్లు దిగే కాలు కాదది. ఉండేదేమో మూడో అంతస్తు, తండ్రి జాగా బిల్డరుకిస్తే వాటాకొచ్చిన ఫ్లాటు. లిఫ్టు పెడతానన్న బిల్డరు గుంట మాత్రం తవ్వి పోయాడు. అందులో ఇప్పుడు అసోసియేషన్ వాళ్ళ విరిగిన బల్లలున్నాయి. గదికి కిటికీ లేకపోలేదు. తెరిస్తే పక్క బిల్డింగు గోడ, చెయ్యి చాస్తే తగులుతుంది.

కాబట్టి బాల్కనీయే అతని వీధి. కింద గల్లీ మలుపులో ఒకపక్క ట్రాన్స్‌ఫార్మర్, ఒకపక్క ప్రహరీ. టాంకరు వెనక్కి తీయాలంటే డ్రైవర్లకు చెమటలు పట్టేవి. పొద్దున్నే ఎల్లేశం కుర్చీలో కూర్చుని పైనుంచి కేకేసేవాడు. "రానీ... రానీ... జర ఎడమకు కొట్టు... అరె, ఎడమంటే అన్నం తినని చెయ్యి బై!" డ్రైవర్లు అద్దంలో చూడడం మానేసి పైకి చూసేవాళ్ళు. పని కాగానే "సలాం ఎల్లన్నా" అని చెయ్యెత్తి పోయేవాళ్ళు. రోజు మొత్తంలో తనతో పనిబడి ఎవరైనా పిలిచే గడియ అదొక్కటే.

ఆ ఆదివారం వర్షిత మదీనాగూడలో ఏదో షాపు నుంచి నమూనాల పుస్తకం మోసుకొచ్చింది. పెళ్ళి ఆల్బంలా బరువుగా ఉంది. మామగారి మంచం మీద పెట్టి తనూ పక్కన కూర్చుంది.

"మీ రూము గదా మామయ్యా, మీరే సెలెక్ట్ చెయ్యుండ్రి."

ఉరేసేవాడు తాడు ఏ రంగుది కావాలని అడిగినట్టుంది ఎల్లేశానికి. పేజీ తిప్పితే ఇటుక గోడ. ఇంకోటి తిప్పితే వెదురు బొంగులు. ఇంకోదాంట్లో అల్మారా నిండా పుస్తకాలు, ముట్టుకుంటే నున్నగా జారాయి. పెద్ద పెద్ద ఆకులున్న పేజీ దగ్గర వర్షిత ఆగింది.

"ఇది మంచిగున్నది మామయ్యా. బాల్కనీల కూసున్నట్టే ఉంటది."

"ఉన్న బాల్కనీ మూసి, బాల్కనీ బొమ్మ పెడ్తవా బిడ్డా?"

ఆ పిల్ల మొహం చిన్నబోయింది. కళ్ళ కింద నల్లటి చారలు. ఈమధ్య స్నానాల గదిలో నల్లా తిప్పి ఎంతకూ బయటికి రావడం లేదు. నీళ్ళ చప్పుడు మధ్యన వెక్కిళ్ళ చప్పుడు కూడా ఎల్లేశానికి వినబడుతూనే ఉంది. ఆమెను అనాల్సిన మాట కాదని తెలుసు. తెలిసినా నోరు ఊరుకోలేదు. పుస్తకం చివరికంటా తిప్పేసి, ఏ బొమ్మా లేని తెల్లటి పేజీ మీద వేలు పెట్టాడు.

"ఇది."

"ఇది ప్లెయిన్ మామయ్యా. సున్నమేసినట్టే ఉంటది."

"గోడనే గద గావాల్నన్నరు. గోడ లెక్కనే ఉండనీ."

పంతానికన్నాడు. ఆ పంతం ఎవరి మెడకు చుట్టుకుంటుందో అప్పుడు తట్టలేదు.

కాగితం అతికించడానికి ఓంకార్ అనే పనివాడు వచ్చాడు. నోట్లో గుట్కా, చెవిలో పాట. తలుపు గడియలు బిగించే ముందు ఒకసారి బయటికి తొంగి చూశాడు.

"కాకా, కుర్చీ ఉన్నది బయట. తెచ్చుకుంటవా? చెక్క కొట్టినంక నన్ను అడగొద్దు."

"ఉండనీ. అదన్న బయటుంటది."

ఓంకార్ వింతగా చూసి, తలుపు మూసి, పిడి ఊడదీశాడు. చెక్క కోసి బిగించాడు. దాని అంచుకీ గోడకీ మధ్య సందులో లప్పం నింపి, ఆరాక గరుకు కాగితంతో రుద్దాడు. గమ్ము పూసి, కాగితం పట్టీలు పైనుంచి కిందికి ఒకదాని పక్కన ఒకటి దించుతూ లోపలి గాలిని తోసేశాడు. సాయంత్రానికి అక్కడ తలుపుండేదని ఒట్టేసి చెప్పినా కొత్తవాళ్ళు నమ్మరు. సక్కుబాయి గది మధ్యన నిలబడి చేతులు జోడించింది.

"ఇంతకు ప్లెయిన్ ఎవరు తీసుకున్నరు?" అన్నాడు ఓంకార్ సామాను సర్దుకుంటూ. "ఆకులో పూలో ఉంటె అతుకు కలిసిపోతుండె. దీని మీద వెంట్రుక పడ్డా కనబడ్తది. గాలికి చెక్క ఆడితే లప్పం చీలుతది, ముందే చెప్తున్న."

"నేనే తీసుకున్న."

"మంచిగ తీసుకున్నవ్ కాకా," నవ్వాడు ఓంకార్. "ఇగ దినమంత చూసుకుంట కూసో."

చూసుకుంటూనే కూర్చున్నాడు. చూడ్డానికి ఇంకేముంది? తెల్లారితే తెల్లగోడ, పొద్దుగూకితే బూడిదరంగు గోడ. గమ్ము వాసన పోయి, ఉక్కపోత మిగిలింది. గోడ అవతల టాంకరు వస్తుంది, పోతుంది, ఎవడో తిడతాడు, ఎవడో హారను కొడతాడు. తన పేరు మాత్రం వినబడదు.

వాన ముందటి గాలి లేచిన ఒక మధ్యాహ్నం, మంచం ఆనించిన ఆ గోడకు తలగడ ఎత్తులో, కాగితం మీద వెంట్రుకంత చీలిక కనబడింది. చుట్టాన్ని చూసినంత సంబరమైంది ఎల్లేశానికి. ఎవరికీ చెప్పలేదు. గోరుతో అంచు లేపి చూశాడు, లేచింది. ఎవరైనా గదిలోకి వస్తే తలగడ అడ్డం పెట్టుకునేవాడు. గడ్డం గీసుకునే బ్లేడు ఒకటి పరుపు కింద దాచుకున్నాడు. ఎందుకని అడిగితే తనకీ తెలియదు.

శివశంకర్ చివరి ఇంటర్వ్యూ రోజున ఇల్లంతా ఊపిరి బిగపట్టింది. టీవీ లేదు, కుక్కరు లేదు. పక్క గదిలో వాడి ఇంగ్లీషు పలుచటి గోడలోంచి ముక్కలు ముక్కలుగా వినబడుతోంది. అప్పుడే కింద టాంకరు మలుపులో ఇరుక్కుంది.

"ఎల్లన్నా! ఓ ఎల్లన్నా! జర చెప్పన్నా!"

ఎల్లేశం దిగ్గున లేచి కూర్చున్నాడు.

"ఎవల్ని పిలుస్తున్నవ్ బై?" కిరాణా కొట్టు చంద్రయ్య గొంతది. "ఆ తలుపు తెరిచి ఎన్ని దినాలాయె."

"ఎటు పోయిండు? ఊరికా?"

"కాలు లేనోడు ఊరికెట్ల పోతడు? పైకే పోయిండనుకుంట."

"అరెరె! మంచోడుండె. తిట్టినా మంచిగ తిడ్తుండె."

కేక గొంతు దాకా వచ్చింది. బతికే ఉన్న బై! ఎడమకు కొట్టు! అరిస్తే కాగితం ఆపదు, చెక్క ఆపదు. గల్లీకంతా వినబడుతుంది. గల్లీకంటే ముందు పక్క గదిలో కొడుకు చెవిలో పడుతుంది, వాణ్ణి ప్రశ్నలడిగేవాళ్ళ చెవిలోనూ పడుతుంది. ఎల్లేశం బ్లేడు తీశాడు. చీలిక మీద ఆనించాడు. ఒక్క గీత గీస్తే కాగితం కింది దాకా విడిపోతుంది. ఆ క్షణంలో, ఏ తండ్రికీ రాకూడని మాట ఒకటి వచ్చింది మనసులోకి. ఈ ఉద్యోగం గూడ పోతే బాగుండు. పోతే ఈ పార్థసారథి మాట అబద్ధమవుతుంది, ఈ చెక్క ఊడుతుంది.

తన మీద తనకే అసహ్యం వేసింది. కండువా నోట్లో కుక్కుకుని కూర్చున్నాడు. కింద దబ్బుమని ప్రహరీ ఇటుకలు రాలాయి, బూతులు లేచాయి, సద్దుమణిగాయి. పక్క గదిలో "థాంక్యూ సర్" అని వినబడింది.

ఆ వారంలోనే ఉద్యోగం వచ్చింది.

శివశంకర్ పరుగున వచ్చి తండ్రి కాళ్ళ మీద పడ్డాడు. "నువ్వు తలుపు మూయనియ్యబట్టే నాయినా," అన్నాడు. సక్కుబాయి పసుపూ కుంకుమా తెచ్చి, తలుపుండిన చోట కాగితానికి బొట్టు పెట్టి కళ్ళకద్దుకుంది. వర్షిత ఫోటో తీసింది. ఎన్ని నెలలకో ఆ పిల్ల పళ్ళు కనబడేలా నవ్వింది. ఆ నవ్వు చూసి ఎల్లేశానికి సంతోషమే కలిగింది, అబద్ధమెందుకు. ఆ సంతోషమూ గొంతులో వెలక్కాయలానే అడ్డం పడింది.

స్వీట్లు తినడానికి పార్థసారథి గారు వచ్చాడు. "చూశారా అండి? నైరుతి గట్టిపడింది. ఇక దీన్ని కదపకూడదు. గీత పడినా మంచిది కాదు, జాగ్రత్తగా చూసుకోండి."

"ఎన్ని దినాలు సార్?" అడిగాడు ఎల్లేశం.

"దినాలేంటండి? అబ్బాయి ఉద్యోగం ఉన్నంతకాలం."

శివశంకర్‌కు ఇంకా ముప్పై నిండలేదు.

అందరూ ముందుగదిలోకి వెళ్ళాక ఎల్లేశం తలగడ పక్కకు జరిపాడు. చీలిక జానెడైంది. బాల్కనీలో గాలి బలంగా ఉన్నట్టుంది, కాగితం అంచు లేచి పడుతోంది. పరుపు కింద చెయ్యి పెట్టి బ్లేడు తీసి, కిటికీలోంచి పక్క బిల్డింగు సందులోకి విసిరేశాడు.

"సక్కూ!"

"ఏందయ్యా?" అంటూ వచ్చింది, చేతిలో లడ్డూ.

"ఓంకార్‌కు ఫోన్ చెయ్యి. జల్ది రమ్మను. కాగితం లేస్తున్నది."

సక్కుబాయి లడ్డూ వదిలేసి గుండె మీద చెయ్యేసుకుంది. "అయ్యో! పోరనికి తెల్వనియ్యకు. నువ్వు గట్టిగ పట్టుకో, నేను చేస్త."

ఎల్లేశం చీలిక మీద అరచెయ్యి పెట్టి అదిమాడు. అవతలి నుంచి గాలి తోస్తోంది. ఇవతలి నుంచి అతను తోశాడు. భుజం నొప్పి పుట్టింది, కాలు లాగింది, అయినా ఓంకార్ వచ్చేదాకా చెయ్యి తీయలేదు.