ఇరవై ఏడు ప్రశ్నలు

“హాస్టల్లో జారిపడితే నిన్ను లేవదీసేదెవరే?” ఇంకా ఏ కాలేజీ గేటూ చూడకముందే ఏస్తేరమ్మ తన కూతురు నిస్సీతో అన్న మాట ఇది. ఆ భయంలోంచే నేను పుట్టాను.

నేను ఒక కుట్టు పుస్తకాన్ని. నిస్సీ ఇంటర్ నోటుబుక్కుల్లో మిగిలిన తెల్లకాగితాలు చింపి, జాకెట్లు కుట్టే దారంతో ఏస్తేరమ్మ నన్ను కుట్టింది. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టడానికి మూడు రోజులే గడువు. ముందు పెట్టిన కాలేజీయే రావచ్చు. వస్తే నాలుగేళ్ళు అక్కడే. కళ్ళతో చూడకుండా పెట్టనివ్వనని తల్లి పట్టు. ఐదో తరగతి చదువు ఆమెది. కూడబలుక్కుంటూ నాలో ఇరవై ఏడు ప్రశ్నలు రాసింది. కిటికీలకు ఊచలున్నాయా, జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్ళేదెవరు, లోపల కుక్కలున్నాయా. చదువు గురించి ఒక్కటీ లేదేమ్మా అని నిస్సీ నవ్వింది. ఆ భయాలన్నీ మోసీ మోసీ నాకూ వణుకు అంటుకుంది.

మొదటి కాలేజీలో చల్లటి గదిలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. టై కట్టుకున్న ఒకాయన నన్ను మర్యాదగా అందుకుని, ఒక్క ప్రశ్నా చదవకుండా అన్నిటికీ వరసగా టిక్కులు కొట్టి ఇచ్చేశాడు. తిరుగు బస్సులో ఏస్తేరమ్మ చాలాసేపు నన్నే చూసి, “కుక్కలు కూడా ఉన్నాయంట,” అంది.

మర్నాడు వెళ్ళిన రెండో కాలేజీ నిస్సీ మనసుపడ్డది. ల్యాబుల దగ్గర నుంచి కదలడం లేదు. అక్కడా వెంట తిప్పి అన్నీ చూపించేవాళ్ళు సిద్ధంగానే ఉన్నారు. ఏస్తేరమ్మ మంచినీళ్ళకని చెప్పి, నన్ను చంకలో పెట్టుకుని హాస్టల్ వెనక్కి నడిచింది. అక్కడ ఒక అమ్మాయి బట్టలు ఉతుక్కుంటోంది. పేరు గౌసియా, ఊరు కొమరోలు, చదివేది మూడో ఏడు, ఇంటి దగ్గర పదో తరగతి చెల్లెలు. నిమిషంలో అన్నీ రాబట్టింది. ఇక నన్ను తెరుస్తుందనుకున్నాను. తెరవలేదు. నాలో లేని ప్రశ్న అడిగింది.

“నీ చెల్లెల్ని ఇక్కడ చేరుస్తావా అమ్మా?”

గౌసియా పిండుతున్న దుప్పటి చేతిలోనే ఆగిపోయింది. తల్లిని వెతుక్కుంటూ అప్పుడే వచ్చిన నిస్సీ కూడా ఆ మాట విని, కదలకుండా నిలబడింది. ‘చేర్చను’ అంటే చాలు, ఈ కాలేజీ పోయినట్టే. గౌసియా దుప్పటిని తీగ మీద వేసింది. అంచులు సరిచేసింది. ఒక్కో క్లిప్పూ పెట్టింది. ఏస్తేరమ్మ వేళ్ళు నా కాగితాలను నలిపేస్తున్నాయి. ఇన్ని భయాలు మోశాను గానీ, ఇంత బరువు నేనెప్పుడూ ఎరగను.

“చేరుస్తా ఆంటీ,” అంది గౌసియా చివరికి. “మొదటి నెలంతా మీ అమ్మాయి ఏడుస్తాది. అప్పుడు మీరు గూడా ఏడ్చి ఇంటికి రమ్మనమాకండి. మా అమ్మ అట్టా పిలిస్తే పోయి, నేను ఏడాది పోగొట్టుకున్నా.”