సైన్యంలోకి పిలిచే మనిషి

ఆ శరదృతువంతా ఆఫీసులో ఫోను మోగితే చాలు, షిరాతో అనే సార్జెంటు ఎత్తడానికి జంకేవాడు. జపాను ఆత్మరక్షణ దళంలో చేరతామని వేసవిలో పేర్లిచ్చిన పిల్లల తల్లులు ఒక్కొక్కరే ఫోను చేసి, "మావాడు మనసు మార్చుకున్నాడండీ, ఏమీ అనుకోకండి" అని మర్యాదగా తప్పుకుంటున్నారు.

సెప్టెంబరులో టోక్యో పార్లమెంటు కొత్త భద్రతా చట్టం చేసింది. మన మీద కాక మిత్రదేశం మీద దాడి జరిగినా, కొన్ని పరిస్థితుల్లో మన దళాలు ఆయుధం పట్టవచ్చన్నది దాని సారం. అప్పటినుంచి ఉత్తరాన, త్సుగారు అనే మైదానంలోని ఆ చిన్న ఊళ్లో కూడా ప్రతి ఆదివారం స్టేషను ముందు ఓ పాతికమంది అట్టలు పట్టుకుని నిలబడుతున్నారు. 'మా పిల్లల్ని యుద్ధానికి పంపకండి.' వాళ్లకి సరిగ్గా ఎదురుగా, రెండో అంతస్తులో షిరాతో ఆఫీసు. ఆ గుంపులో అతనికి చిన్నప్పుడు లెక్కలు చెప్పిన మాస్టారు కూడా ఉన్నాడు. షిరాతో కిటికీలోంచి తల వంచి నమస్కరిస్తే, ఆయన అట్ట కిందికి దించి ప్రతినమస్కారం చేసి, మళ్లీ పైకెత్తేవాడు.

షిరాతోకి నలభై నాలుగేళ్లు. పద్దెనిమిదో ఏట దళంలో చేరి, రోడ్లు వేసే విభాగంలో ఎండా వానా మంచూ చూసి, మోకాలు దెబ్బతిన్నాక కొత్తవాళ్లని చేర్చే ఈ పనిలోకి వచ్చాడు. మనుషులతో మాట్లాడటం అతనికి ఇష్టమే. కానీ ఆ ఏడు మాట్లాడాల్సింది వేరు. పై ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. తల్లిదండ్రులు ఏమడిగితే ఏం చెప్పాలో వరసగా రాసిన కాగితం. 'మా పిల్లల్ని విదేశానికి పంపుతారా?' అన్న ప్రశ్నకి జవాబు మూడు వాక్యాలు. చదివితే తప్పేమీ కనపడదు. విన్నవాడికి మాత్రం ఏమీ మిగలదు.

పేర్లిచ్చినవాళ్లలో ఇంకా నిలబడి ఉన్నది ఇద్దరు. వాళ్లలో ఒకతె ససమోరి హొనామి, వ్యవసాయ పాఠశాలలో చివరి సంవత్సరం పిల్ల. నాన్నది ఆపిల్ తోట. పదిహేనో ఏటి నుంచే తోటలో మందు కొట్టే బండి నడుపుతోంది. "ఇంకా పెద్ద బండ్లు నడపాలండీ, కొండచరియ విరిగిపడితే రోడ్డు తెరిచేవి" అని మొదటిరోజే తేల్చి చెప్పింది. దేశభక్తి గురించి ఒక్క ముక్క అనలేదు. అందుకే ఆ పిల్ల మీద షిరాతోకి నమ్మకం కుదిరింది. ఇరవై నిండలేదు కనుక దరఖాస్తుకి తండ్రి సమ్మతి కావాలి, సంతకం బదులు వేసే ఆయన సొంత ముద్ర పడాలి. తండ్రి త్సునెయో ఆ కాగితాన్ని మూడు వారాలుగా ముట్టుకోలేదు.

"మీరే వచ్చి మాట్లాడండి. మీరు చెబితే వింటారు" అంది హొనామి ఫోనులో.

అక్టోబరు రెండో వారంలో షిరాతో తోటకి వెళ్లాడు. చెట్ల కింద వెండి రంగు పట్టాలు పరిచి ఉన్నాయి, కింది వైపు కూడా ఎండ తగిలి పండు ఎర్రబడాలని. త్సునెయో నిచ్చెన మీద నిలబడి, పండుకి అడ్డొచ్చే ఆకులు తుంచుతూ, ఒక్కొక్క పండునీ తొడిమ ఊడకుండా మెల్లిగా ఎండవైపు తిప్పుతున్నాడు. హొనామి పక్క చెట్టు మీద ఉంది. త్సునెయో తల్లి, డెబ్బై తొమ్మిదేళ్ల కియో, బోర్లించిన చెక్కపెట్టె మీద కూర్చుని రాలిన పళ్లు ఏరుతోంది.

"వచ్చారా సార్జెంటు గారూ. చేతులు ఖాళీగానే ఉన్నాయిగా, ఆ నిచ్చెన ఎక్కండి. ఊరికే మాట్లాడితే మాకు గిట్టదు" అన్నాడు త్సునెయో.

షిరాతో కోటు తీసి కొమ్మకి తగిలించి ఎక్కాడు. తనూ ఆకులు తుంచసాగాడు.

"సూటిగా అడుగుతాను. మా పిల్లని బయటి దేశానికి పంపుతారా, పంపరా?" అన్నాడు త్సునెయో చివరికి.

షిరాతోకి కాగితంలోని మూడు వాక్యాలూ నోటికొచ్చు. మొదటిది అందుకోబోతుండగా, కింద నుంచి కియో పిలిచింది.

"బాబూ, నీకో సంగతి సెప్తాను, ఇనుకుని ఆ తరవాత సెప్పు. మా అయ్య ఈ ఊరి పంచాయితీ ఆఫీసులో గుమాస్తా. యుద్ధం రోజుల్లో సైన్యం నుంచి పిలుపు కాగితాలొస్తే, సైకిలు మీద ఇంటింటికీ అయ్యే పట్టుకెళ్లీవోడు. గుమ్మంలో నిలబడి వొంగి 'శుభం' అనీవోడు. అలా అనాలని రూలు. పదకొండు ఇళ్లకి పట్టుకెళ్లాడు. అందులో ఏడిళ్లోళ్ల పిల్లలు తిరిగి రాలేదు."

"అమ్మా, ఇప్పుడెందుకవన్నీ" అన్నాడు త్సునెయో.

"నువ్వుండరా. యుద్ధం అయిపోయింది. మా అయ్యని ఎవళూ ఒక్క మాట అనలేదు. ఎదురైతే దండం కూడా పెట్టీవోళ్లు. కానీ మా అయ్య ఆఫీసుకి ఈ దారిన ఎల్లడం మానేశాడు. ఆ ఏడిళ్లూ తగలకండా కాలవగట్టు మీద సుట్టు తిరిగి ఎల్లీవోడు. మంచులో కూడా. ముప్పై ఏళ్లు. 'నాను కాగితం మోశానంతే, రాసినోళ్లు ఏరే' అని సచ్చీదాకా అంటానే ఉన్నాడు. అది నిజమే గదా? నిజమే అయితే మరి ఆ సుట్టు దారెందుకు?" ముసలామె ఒక పండు మీది మట్టి తుడిచింది. "ఇప్పుడు సెప్పు బాబూ. నువ్వూ కాగితమే మోస్తన్నావా?"

హొనామి పక్క చెట్టు మీద నుంచి, "నానమ్మా! ఆయన పిలుపు కాగితం తేలేదు, నేనే వెళ్లి అడిగాను!" అని అరిచింది.

"తెలుసులేయే. ఆ మాట ఆయన్ని సెప్పనీ."

షిరాతో నిచ్చెన దిగాడు. పైనుంచి చెప్పదగిన మాట కాదనిపించింది. ముసలామె ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చున్నాడు. మోకాలు కలుక్కుమంది.

"నేను చేరినప్పుడు మా అమ్మ కూడా ఇదే అడిగిందమ్మా, విదేశాలకి పంపుతారా అని. నన్ను చేర్చుకున్న సార్జెంటు, 'చట్టం ఒప్పుకోదమ్మా, ఆ ప్రసక్తే లేదు' అన్నాడు. ఆయన అబద్ధమాడలేదు. ఆరోజుకి చట్టం అదే. మూడేళ్లకి చట్టం మారింది. చేరిన పదహారేళ్లకి నేను ఇరాక్‌లో ఉన్నాను. రోడ్లు వేశాం, బడులు బాగుచేశాం. శిబిరం మీదకి మూడుసార్లు గుండ్లు వచ్చి పడ్డాయి. అదే సమయంలో ఇక్కడ పార్లమెంటులో, మేమున్న చోటు యుద్ధం జరిగే ప్రాంతమా కాదా అని వాదించుకుంటున్నారు. కాదనే తేల్చారు. మేం ఆ వార్త గుడారంలో నేల మీద బోర్లా పడుకుని విన్నాం."

త్సునెయో చేతులు ఆగిపోయాయి.

"కాబట్టి మీ అమ్మాయిని పంపుతారా అంటే, నాకు తెలీదు. ఇవాళ్టి చట్టం ఏమంటుందో చెప్పగలను. ఐదేళ్ల తర్వాత ఎవరు గెలుస్తారో, వాళ్లు ఏ చట్టం చేస్తారో చెప్పలేను. చేరే రోజున ఉన్న మాట మీద చేరతాం. మాట మారినా లోపలే ఉంటాం. వరదలొస్తే జనాన్ని మోసుకొచ్చేది మేమే, రోడ్డు తెరిచేది మేమే. అందుకు నేనెప్పుడూ బాధపడలేదు. కానీ ఎక్కడికి వెళ్లాలో మేం నిర్ణయించుకోం."

కియో చేతిలో పండు పక్కన పెట్టింది. "మా అయ్యని ఎవళూ అడగలేదు బాబూ. అడిగితే ఏటి సెప్పీవోడో" అని మళ్లీ పళ్ల మీదకి వంగింది.

త్సునెయో దిగొచ్చాడు. "నిజం చెప్పినందుకు సంతోషం. ముద్ర మాత్రం వెయ్యను. మీరు చెప్పిందానికే వెయ్యను" అన్నాడు. తర్వాత ఇంట్లో టీ, ముల్లంగి ఊరగాయ పెట్టి మర్యాదగానే సాగనంపాడు.

హొనామి బండి దాకా వచ్చింది. కోపంతో మొహం కందిపోయింది. "ఒప్పిస్తారని పిలిస్తే పాడుచేసి పోతున్నారు. మీరసలు ఏ పక్షం?"

"నాకూ సరిగ్గా తెలీదమ్మా" అన్నాడు షిరాతో.

మర్నాడు షిరాతో రాసిచ్చిన నివేదిక చదివి పై అధికారి పిలిచి, గట్టిగా అరవకుండానే, "షిరాతో, ఆ కాగితం చదివితే సరిపోయేది కదయ్యా. ఏడాదికి ఇంతమందిని చేర్చాలని నా నెత్తిన కూర్చున్నారు. నిజం చెప్పొద్దనను. ఎక్కువ చెప్పావు" అన్నాడు. షిరాతో తల వంచాడు. దళంలో చేరే ప్రవేశ పరీక్ష రోజు వచ్చింది, పోయింది. హొనామి పేరు జాబితాలో లేదు. నిలబడ్డ ఇద్దరిలో ఒకడే పరీక్ష రాశాడు. షిరాతో కొన్నాళ్లు తనని తాను తిట్టుకున్నాడు. నిజాయితీ పేరుతో ఆ పిల్ల దారికి అడ్డం పడ్డానా అనిపించేది. మళ్లీ ముసలామె తండ్రి గుర్తొచ్చేవాడు, మంచులో కాలవగట్టు మీద సైకిలు తోసుకుంటూ.

ఫిబ్రవరిలో, మోకాలి లోతు మంచులో, హొనామి ఒక్కతే రైలెక్కి ఆఫీసుకి వచ్చింది. చేతిలో బడి నోటు పుస్తకం. కోపం తగ్గినట్టుంది గానీ నవ్వలేదు.

"ప్రశ్నలు రాసుకొచ్చాను. ఒక్కొక్కటే చెప్పండి. ఆ రోజు చెప్పినట్టే చెప్పండి."

"కూర్చో. అడుగు."

"చట్టం మారితే, నాకు నచ్చకపోతే మానేయొచ్చా?"

"మొదటి ఒప్పందం రెండేళ్లు. అది అయ్యాక వెళ్లిపోవచ్చు. మధ్యలో మానేస్తానని కూడా అడగొచ్చు, చాలాసార్లు ఒప్పుకుంటారు. అత్యవసర సమయంలో ఆపగలరు."

"ఏదైనా ఆజ్ఞ తప్పనిపిస్తే?"

"చట్టానికి విరుద్ధమైతే పాటించక్కర్లేదు. చట్టబద్ధమే కానీ నీకు తప్పనిపిస్తే, పాటించాలి. ఆ రెండింటికీ మధ్యనే మా బతుకంతా."

ఆమె రాసుకుంది. "ఆ చట్టం ఎవరు రాస్తారు అని అడగబోయాను. అది నాకే తెలుసు" అంది. కలం ఆపి తలెత్తింది. "ఈ వేసవి నుంచి పద్దెనిమిదేళ్లకే ఓటట. బడిలో చెప్పారు. జులైలో ఎన్నికలు."

"అవును."

"అయితే నేను ముందు ఓటేస్తాను. తర్వాత వస్తాను. నన్ను ఎక్కడికి పంపాలో నిర్ణయించేవాళ్లని ఎన్నుకోవడంలో నాకసలు చేయే లేకుండా, లోపలికెందుకు రావాలి?"

ఈ పనిలోకి వచ్చాక షిరాతో ఎందరో పిల్లల్ని చూశాడు. జీతం అడిగారు, లైసెన్సు అడిగారు, సెలవులు అడిగారు. ఇలా అన్నవాళ్లు లేరు. "నీ ఒక్క ఓటుతో చట్టం మారదు" అన్నాడు, నిజం చెప్పమంది కనుక.

"తెలుసు. మా నాన్న ఓటుతోనూ మారలేదు. అయినా ప్రతిసారీ కొత్త చొక్కా తొడుక్కుని వెళ్తాడు."

ఆ వసంతం, వేసవీ ఆమె తోటలోనే పనిచేసింది. జులై ఎన్నికల్లో తండ్రీ కూతుళ్లు ఒకే బండిలో వెళ్లి ఓటేసి వచ్చారని, దారంతా పోట్లాడుకున్నారని షిరాతో తర్వాత విన్నాడు. ఆ ఎన్నికల్లో ఏమీ తారుమారు కాలేదు. కొత్త చట్టం చేసినవాళ్లే మళ్లీ గెలిచారు.

ఆగస్టులో త్సునెయో ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. చెప్పులు విప్పుతూనే, "మా పిల్ల ఓడిపోయింది. అది ఓటేసినవాడు గెలవలేదు" అన్నాడు.

"మరి మానుకుందా?"

"మానుకుంటే నేనెందుకొస్తానండీ?" త్సునెయో కుర్చీలో కూలబడ్డాడు. "వద్దన్నాను. 'నువ్వు అనుకున్నవాళ్లు రాలేదుగా, ఇంకెందుకు' అన్నాను. అదేమందో తెలుసా? 'నాన్నా, నాలాంటివాళ్లంతా మానుకుంటే లోపల ఎవరు మిగులుతారు?' అంది. దానికి నా దగ్గర సమాధానం లేదు. మీ దగ్గరుందా?"

"లేదండీ."

"ఉండదని తెలిసే వచ్చాను." జేబులోంచి ముద్ర తీసి, సిరా అద్ది, సమ్మతి కాగితం మీద గట్టిగా నొక్కాడు. చాలాసేపటి దాకా చెయ్యి తీయలేదు. "దాన్ని నేను పంపడం లేదు. వెళ్తానంటే పట్టుకోవడం లేదు, అంతే. ఇంటికెళ్లి మా అమ్మకి ఆ తేడా చెప్పాలి. వింటుందో లేదో."

మరుసటి ఏప్రిల్లో ప్రమాణ స్వీకారం. శిక్షణ కేంద్రం హాల్లో రెండువందల మంది పిల్లలు కొత్త యూనిఫారాల్లో నిలబడ్డారు. మెడ దగ్గర బట్ట ఇంకా బిరుసుగా ఉంది. హొనామి మూడో వరసలో ఉంది. వెనక బంధువుల మధ్య షిరాతో, త్సునెయో పక్కపక్కనే నిలబడ్డారు. రాజ్యాంగాన్ని, చట్టాలను పాటిస్తానని, రాజకీయ కార్యకలాపాల్లో పాల్గొననని, ప్రమాదానికి వెరవక బాధ్యత నెరవేరుస్తానని అందరూ ఒకే గొంతుతో చదివారు.

త్సునెయో షిరాతో చెవిలో, "రాజకీయాల జోలికి వెళ్లనని వీళ్లచేత చెప్పించారు, బాగుంది. వీళ్లని ఆలోచించకుండా వాడుకోబోమని ఆ రాజకీయాలవాళ్లచేత ఎవరు చెప్పిస్తారండీ?" అని గొణిగాడు.

ముందు వరసలోని ఒకావిడ వెనక్కి తిరిగి చూసింది. ప్రమాణం అయిపోయి, పిల్లలు వరస విడిచి బంధువుల దగ్గరికి వస్తున్నారు. హొనామి వాళ్ల ముందుకొచ్చి నిటారుగా నిలబడి, ఇంకా సరిగా అలవాటు కాని చేత్తో షిరాతోకి వందనం చేసింది. అతనూ చేశాడు. ఆ పిల్లని ఎక్కడికి పంపుతారో ఇప్పటికీ అతనికి తెలీదు. తెలీదని ఆమెకీ తెలుసు. త్సునెయో మాత్రం కూతురి మెడ దగ్గర బిరుసుగా నిలబడ్డ కాలరుని రెండు వేళ్లతో సర్ది, "అన్నం సరిగ్గా పెడుతున్నారా?" అని అడిగాడు.