నిమ్మ సబ్బు, గంధం సబ్బు

మంగళ, శుక్రవారాలు తప్ప తక్కిన రోజుల్లో పొద్దున ఆరింటికే బుల్లయ్య షాపులో వేణ్నీళ్లు కాగుతుండేవి. పర్చూరు నుంచి చీరాల వెళ్లే రోడ్డు పక్కన రేకుల గది. లోపల ఒక కుర్చీ, ఒక బెంచీ, అంచులు నల్లబడ్డ అద్దం. అద్దం కింది చెక్క మీద రెండు గిన్నెలు, ఒకదాంట్లో గంధం సబ్బు, ఇంకోదాంట్లో నిమ్మ సబ్బు. రెండువేల మూడులో ట్యూబు క్రీము కూడా వచ్చి చేరింది గానీ బుల్లయ్యకి దాని మీద పెద్ద గౌరవం లేదు.

"నురగైతే కుప్పలుగా వస్తుంది, దాంతో పాటు మనిషన్నవాడు ఒక్కడూ రాడు," అనేవాడు.

నిమ్మ సబ్బుకి బ్రష్షు తగిలితే చాలు, బుసబుసా పొంగుతుంది, అంత తొందరగానూ ఆరిపోతుంది. ఆ కాసేపట్లోనే, ఎక్కడో దూరాన ఉండి మనల్ని తలుచుకునేవాళ్ల వాసన వస్తుంది. గంధం సబ్బుకి చెయ్యి నొప్పెట్టేదాకా తిప్పాలి. ఒకసారి నురగ పట్టిందంటే మాత్రం వెన్నలా నిలుస్తుంది. దాంట్లో పోయినవాళ్లు వస్తారు. ఊళ్లో మగాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. కొడుకు చీమకుర్తి క్వారీలో పనిచేసే బుడే అనే ఆయన ఎప్పుడూ నిమ్మ సబ్బే అడిగి, రాతిపొడి వాసన పీల్చి, "ఉన్నాడ్లే వెధవ," అని తృప్తిగా కళ్లు మూసుకునేవాడు. పెళ్లి తొందర్లో ఉన్నవాళ్లు క్రీము రాయించుకుని వెళ్లిపోయేవారు.

యలమందయ్య ప్రతి సోమవారం గంధం సబ్బే. ఆరెకరాల మిరపతోట, ఊళ్లో పెద్దరికం, ఎవరి మాటా వినని మొండితనం, ఇవీ ఆయన ఆస్తులు. భార్య సుబ్బరావమ్మ పోయి పదేళ్లు. బుగ్గ మీద నురగ పడగానే పొయ్యి పొగా, నలుగుపిండిలో కలిపే కచ్చూరాల వాసనా వచ్చేవి. "ఇవాళ తోటకి మందు కొట్టిస్తున్నా" అనో, "కోతకి కూలీలు దొరకట్లేదే" అనో ఆయన ఆ వాసనకి చెప్పుకునేవాడు. బుల్లయ్య విననట్టు కత్తి నూరుకునేవాడు.

ఎనిమిదేళ్ల కిందట, ఒక్కగానొక్క కూతురు కోటేశ్వరి చీరాల అవతల వాడరేవులో పడవలున్న కుర్రాణ్ని చేసుకుని వెళ్లిపోయిన రోజున, ఆయన ఇదే కుర్చీలో కూర్చున్నాడు.

"గుండు చెయ్యరా. మీసం కూడా తీసెయ్. నా కూతురు చచ్చిపోయింది."

మైల పట్టలేదు, పదో రోజు దాకా ఆగలేదు. చెయ్యనని బుల్లయ్య అనలేకపోయాడు. బతికున్న పిల్ల పేరు మీద తండ్రికి చావు క్షౌరం చేశాడు. జడలో మరువం పెట్టుకుని, తండ్రి వేలు పట్టుకుని ఈ గుమ్మంలోకే వచ్చేది ఆ పిల్ల. ఆ సాయంత్రం రాలిన జుట్టుని బుల్లయ్య రెండుసార్లు ఊడ్చాడు.

మధ్యలో ఒకసారి పరాకున ఆయనకి నిమ్మ సబ్బు రాశాడు. మరువం వాసన గుప్పుమంది. దాని వెనకే ఎండుచేపల ఉప్పు వాసన. యలమందయ్య తుండుగుడ్డ లాక్కుని మొహం తుడిచేసుకున్నాడు.

"చచ్చినదాని వాసన బతికున్నవాళ్ల సబ్బులో ఎందుకొచ్చిందిరా?"

"అమ్మాయిగారు తలుచుకుంటున్నారండీ."

"గంధం పెట్టు."

వచ్చే సోమవారం మళ్లీ ఇదే పొరపాటు చేద్దాంలే, మెత్తబడతాడు అనుకున్నాడు బుల్లయ్య. సోమవారాలు వచ్చాయి, పోయాయి. పెద్దాయనతో మాట పడటం ఎందుకని ప్రతిసారీ చెయ్యి గంధం గిన్నె మీదకే పోయింది.

కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్న రోజుల్లో ఒక సోమవారం యలమందయ్య వచ్చి కూర్చున్నాడు. గంధం నురగ పట్టించగానే సుబ్బరావమ్మ ఎప్పటిలాగే వచ్చింది. కుడి బుగ్గ గీయడం అయింది. ఎడమ బుగ్గకి ఇంకో పూత వేస్తుండగా బుల్లయ్య చెయ్యి ఆగిపోయింది. కచ్చూరాల పక్కనే మరువం. దాని వెనకే ఎండుచేపలు.

బెంచీ మీద పేపరు చదువుతున్న బుడే దాన్ని మెల్లిగా మడిచి పక్కన పెట్టాడు.

"గిన్నెలు మార్చావా?" అన్నాడు యలమందయ్య.

"లేదండీ. గంధమేనండీ."

"బ్రష్షు కడగలేదేమో చూడు."

"కడిగానండీ."

యలమందయ్య కాసేపు అద్దంలోకి చూశాడు. "నిమ్మ సబ్బు పెట్టు," అన్నాడు.

ఇన్నేళ్లూ ఆ మాట కోసమే ఎదురుచూసిన బుల్లయ్యకి ఇప్పుడు ఏడుపొచ్చింది. ఒక్కసారి, ఇంకొక్కసారి ధైర్యం చేసి పొరపడి ఉంటే ఈ మనిషి వాడరేవు వెళ్లి ఉండేవాడేమో. ఎడమ బుగ్గ తుడిచి, కొత్త బ్రష్షు తీసి నిమ్మ నురగ పెట్టాడు. ముగ్గురూ గట్టిగా వాసన పీల్చారు. బయట ఒక గ్రానైటు లారీ వెళ్లింది. నురగ చిటచిటమంటూ ఆరడం మొదలైంది.

"రావే," అన్నాడు యలమందయ్య. "రావే తల్లీ. ఒక్కసారి రా."

మరువం రాలేదు.

నురగ అంచులు ఎండిపోతుండగా సన్నగా ఇంకేదో వాసన తగిలింది. కొబ్బరినూనె. నమిలిన బలపం. కాస్త ఉప్పుగాలి.

"ఎవరో చిన్నపిల్లండీ," అన్నాడు బుల్లయ్య. "మిమ్మల్నే తలుచుకుంటోంది."

"నేనొకణ్ని ఉన్నానని దానికెట్టా తెలుసురా?"

"వాళ్లమ్మ చెప్పే ఉంటారండీ."

యలమందయ్య భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. "వీళ్లమ్మ కూడా ఇట్టాగే బలపాలు తినేది. కొట్టేవాణ్ని," అన్నాడు.

సగం గడ్డంతో పంపడం బాగుండదని బుల్లయ్య కత్తి ఎత్తాడు. ఆయన ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వద్దు బుల్లయ్యా. నా కూతురు పోయింది. మైలలో గడ్డం గీయించుకోకూడదు."

చీరాల బస్సు వస్తోంది. యలమందయ్య రోడ్డు మధ్యకి వెళ్లి చెయ్యెత్తాడు. బుల్లయ్య తుండుగుడ్డ పట్టుకుని వెనకాలే పరిగెత్తాడు గానీ ఆయన దాన్ని అందుకోలేదు. ఎడమ బుగ్గ మీద ఆరిపోతున్న నురగని అరచేత్తో కప్పుకుని బస్సెక్కాడు.